తంగేడు పుల్ల తాయెత్తు

ఇమాంవలికి ఒకటే దిగులు. పెండ్లాం కాశీంబీ పుట్టింటికి పోయింది. వెళ్లి తెచ్చుకుందామంటే, నాయన వదిలిపోయిన పాత బండి ఊరి పొలిమేర దాటకముందే ఏదో ఒక చోట నూనె కక్కుతోంది.

కబురు మాత్రం వచ్చేసింది. శుక్రవారం జుమ్మా నమాజు అయినాక ఆమె ఊళ్లో పెద్దమనుషులు కూర్చుంటారట. ఆలోపల అల్లుడు వస్తే సరే, రాకపోతే కలిసుండేదా విడిపోయేదా తేల్చేస్తారట. ఆ కబురు మోసుకొచ్చిన బావమరిది పోతూ పోతూ ఇంకో మాట చెప్పాడు.

"అక్క చెప్పమనింది బావా. బండి అక్కర్లేదంట. మనిషి రావాలంట."

ఇమాంవలి తలూపాడు. తలూపుతూనే కిందికి వంగి ఇంజన్ నట్టు ఒకటి బిగించాడు. బావమరిది కాసేపు నిలబడి చూసి వెళ్లిపోయాడు.

గురువారం సాయంత్రం ఇమాంవలి బండిని తోసుకుంటూ నెమలిగుట్ట ఎక్కాడు. గుట్ట మీద చిన్న దర్గా ఉంది. దాని పక్క రేకుల గదిలో జమాల్ తాత ఉంటాడు. జ్వరమొచ్చిన బిడ్డలకు తాయెత్తులు కడతాడు, కొట్లాడుకున్న అన్నదమ్ముల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి చాయ్ పోస్తాడు, మిగతా పొద్దంతా ఊరికే కూర్చుని గాలి పీలుస్తాడు. ఇమాంవలి ఆయన మురీదు, అంటే శిష్యుడు. గురువారం గురువారం వచ్చి దర్గా ఊడ్చి, సాంబ్రాణి వేసి, ఆయన పక్కన కూర్చుని పోతాడు. ఏదీ అడగడు. తాత కూడా ఏదీ చెప్పడు. ఆ మౌనం ఇమాంవలికి హాయిగా ఉండేది. ఇంట్లో మాత్రం అదే మౌనం రాయిలాగా బరువయ్యింది, ఎందుకో అతనికి అర్థం కాలేదు.

చెమటలు కక్కుతూ బండిని పైకి తెచ్చి నిలబెట్టేసరికి తాత నవ్వాడు.

"ఏమిరా, ఇయ్యాల దాన్ని కూడా మురీదును చేస్తావా?"

"తాతా, ఒక తాయెత్తు కావాల."

"ఎవురికి?"

"బండికి."

తాత గడ్డం నిమురుకున్నాడు. "దూడకు కట్టినా. ఊరోళ్ల పోరు పడలేక ఒకసారి బావి గిలకకు కూడా కట్టినా. ఇంజన్‌కు ఇంతవరకు కట్టలేదే."

"రేప్పొద్దున కాశీంబీ వాళ్ల ఊరికి పోవాల. దావలో ఆగకూడదు. ఒక్క చుక్క నూనె కారకూడదు."

"బస్సు లేదా?"

"ఉండాది."

"బస్సుకు నూనె కారితే నువ్వు తుడిచే పని గూడా లేదు గదా."

"బండి మీదనే పోవాల తాతా. ఆ పొద్దు నవ్వినోళ్లంతా చూడాల."

"కాశీంబీ నవ్విందా?"

ఇమాంవలి హ్యాండిల్ మీది దుమ్ము తుడిచాడు. "ఆమె కూడా నవ్వింది."

"మంచి పిల్ల," అన్నాడు తాత.

ఆ బండి ఇమాంవలి నాయన లాలప్పది. ఒకే సిలిండరు, కిక్ కొట్టి స్టార్ట్ చేసే బండి. వెనక దూది మూటలు కట్టుకుని లాలప్ప పల్లెపల్లె తిరిగి పరుపులు కుట్టేవాడు. పొలాల మీదుగా ఆ డుగ్గు డుగ్గు చప్పుడు వినిపించగానే ఆడవాళ్లు పాత పరుపులు తెచ్చి అరుగుల మీద వేసేవాళ్లు. ఇమాంవలి చిన్నప్పుడు ఆ చప్పుడును బట్టే చెప్పేవాడు, నాయన వాగు దాటాడా, చింతతోపు దగ్గరున్నాడా, వీధి మలుపు తిరిగాడా అని. ఆ చప్పుడు ఇంటి ముందుకొచ్చి ఆగితే పొద్దు గూకినట్టు.

నిరుడు ఎండాకాలంలో లాలప్ప అంగట్లో పరుపు కుడుతూ కుడుతూ, సూది చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడు. ఇమాంవలి ఏడవలేదు. మట్టి చేసి వచ్చి, బండి దుమ్ము తుడిచి, గొలుసుకు నూనె పెట్టాడు. చూసినవాళ్లు గట్టి గుండె అన్నారు.

కాశీంబీ సంబంధం లాలప్ప కుదిర్చిందే. ఆయన పోయినాక పెళ్లి జరిగింది. ఆ పిల్ల వసపిట్ట. వంట చేస్తూ మాట్లాడుతుంది, బట్టలు ఆరేస్తూ మాట్లాడుతుంది, నిద్రలో కూడా ఏదో గొణుగుతుంది. ఇమాంవలికి ఆ గొంతు ఎంత ఇష్టమో. నాయన అంగట్లో కూర్చుని దూది ఏకుతున్నా ఆ గొంతే చెవుల్లో తిరిగేది. కానీ ఆమె ఏదైనా అడిగితే మాత్రం అతనికి నోరు రాదు.

"మామ ఎట్లుండేవాడు? చెప్పు," అని అడిగేది. ఇమాంవలి లేచిపోయి కార్బొరేటర్ విప్పేవాడు.

"నన్ను చూసినాక ఏమన్నాడు మామ?" ఇమాంవలి స్పార్క్ ప్లగ్గు గీకేవాడు.

"నేను వండిన కూర బాగుందా, అదన్నా చెప్పు." అతను తల మాత్రం ఊపేవాడు. చేతిలో స్పానరు ఉండేది.

ఆ బండి అంత నున్నగా లాలప్ప ఉన్నప్పుడు కూడా లేదు.

ఇక అందరూ నవ్విన ఆ రోజు సంగతి. కాశీంబీ పెదనాన్న కూతురి పెళ్లి. కొత్త ఆకుపచ్చ చీర కట్టుకుని, వెనక ఒక పక్కకు కూర్చుని, దావ పొడుగునా మాట్లాడుతూనే వచ్చింది. పందిట్లో దిగి చూసుకుంటే చీర కుచ్చిళ్ల నిండా నల్లటి నూనె చుక్కలు. ఇంజన్ లోపలి వేడిగాలి బయటికి పోవడానికి ఎడమ పక్క ఒక చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. గాలితో పాటు కాస్త నూనె కూడా చిమ్ముతుంది. పాత బండ్లకు అది మామూలే.

"ఏమే కాశీంబీ, పెండ్లికొచ్చినావా, షెడ్డుకొచ్చినావా?" అని ఆడవాళ్లు పకపకా నవ్వారు. కాశీంబీ కూడా నవ్వేసింది. ఇమాంవలి మాత్రం ముఖం ఎర్రగా చేసుకుని పందిరి బయటే నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెనక నుంచి అడిగింది. "చీర పోతే పోయిందిలే. ఏదన్నా ఒక మాట అనరాదా?"

అతను యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పాడు. బండి చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు.

ఇంటికి రాగానే కంచెలో తంగేడు పుల్ల ఒకటి విరిచి, చివర సన్నగా చెక్కి, పరుపులు కుట్టే దారం గట్టిగా చుట్టి, ఆ రబ్బరు గొట్టంలో బిరడాలాగా దిగగొట్టాడు. పైన ఇనుప తీగ కూడా బిగించాడు. ఇక చుక్క కారదు. అతనికి ఎంత నెమ్మదిగా అనిపించిందో. కాశీంబీ గడప మీద కూర్చుని అదంతా చూసింది. ఆ తర్వాత రెండు మూడు రోజులకు బట్టలు సర్దుకుంది.

ఆమె పోయినాక బండికి ఇంకో రోగం పట్టుకుంది. కిక్ రాడ్డు దగ్గర నూనె ఊరడం మొదలైంది. ప్యాకింగ్ మార్చాడు. అక్కడ ఆగి ఇంజన్ పై మూత దగ్గర మొదలైంది. అక్కడ నట్లు బిగించాడు. గొలుసు పక్క నుంచి వచ్చింది. నాయన ఎప్పుడూ బండిని రిపేరుకని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు, తనూ ఇవ్వకూడదని పట్టు. ఎంత బిగిస్తే అంత కొత్త చోట కన్నీరు కార్చినట్టు నూనె కార్చేది ఆ ఇంజను.

ఇవన్నీ ఇమాంవలి తాతకు చెప్పలేదు. "కారుతాంది తాతా, ఎంత బిగించినా కారుతాంది," అన్నాడు, అంతే.

"స్టార్ట్ చెయ్, చూద్దాం," అన్నాడు తాత.

తాత చూస్తున్నాడన్న తొందరలో ఇమాంవలి ఎగిరి కిక్ మీద కొట్టాడు. రాడ్డు ఫట్టుమని వెనక్కి తన్ని, చీలమండ జివ్వుమంది. ఒంటికాలి మీద గెంతుతూ బండిని పట్టుకున్నాడు.

"లాలప్పను ఇది ఎప్పుడూ తన్నలేదే," అన్నాడు తాత.

"లేదు."

"ఆయన ఎట్ల చేసేవాడు?"

ఇమాంవలి కాలు రుద్దుకుంటూ చెప్పాడు. ముందు మెల్లగా, తర్వాత గడగడా. "ముందు ఈ చిన్న పిడి నొక్కేవాడు తాతా. మీటర్లో ముల్లు నడిమికి వచ్చేదాకా కాలితో ఊరికే దించేవాడు. పిడి వదిలేసి, రాడ్డును పైకి రానిచ్చి, అప్పుడు బరువంతా వేసి ఒక్కసారి దిగేవాడు. కోపంగా కొట్టొద్దురా, మెట్టు దిగినట్టు దిగు అనేవాడు. నాకు కాలు అందేది కాదు. నన్ను ట్యాంకు మీద నిలబెట్టుకుని..."

అక్కడ ఆగిపోయాడు. గుట్ట మీద గాలి వీస్తోంది. దర్గా మీది పచ్చజెండా టపటపా కొట్టుకుంటోంది.

"ఊఁ, దిగు," అన్నాడు తాత.

ఇమాంవలి పిడి నొక్కాడు. ముల్లు నడిమికి వచ్చింది. మెట్టు దిగినట్టు దిగాడు. బండి అందుకుంది. డుగ్గు డుగ్గు డుగ్గు అని గుట్టంతా మారుమోగింది, రాళ్ల సందుల్లోని పావురాలు లేచి ఒక చుట్టు తిరిగి వచ్చి వాలాయి.

తాత లుంగీ కాస్త పైకి పట్టుకుని వచ్చి, వెనక సీటు మీద కూర్చున్నాడు. ఎడమకాలు అటూ ఇటూ ఊపి చూశాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఆపు," అన్నాడు కాసేపటికి.

ఇమాంవలి ఆపాడు.

"మీ నాయన వెనక కూర్చొని చానా దూరం తిరిగినా నేను. దర్గాల్లో జరిగే ఉర్సు పండగలకు, పెండ్లిండ్లకు. చలికాలంలో ఇట్ల కూర్చుంటే ఈ కాలికి వెచ్చగా గాలి తగిలేది. అందుకే చెప్పులు కూడా ఇడిచేసేవాణ్ణి." తాత కాలి వైపు చూసుకున్నాడు. "ఇప్పుడు తగల్లేదు."

ఇమాంవలి చూపు రబ్బరు గొట్టం మీదికి పోయింది.

తాత కిందికి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లతో తడుముకుంటూ రబ్బరు గొట్టం పట్టుకున్నాడు. చివర ఇనుప తీగ తగిలింది. మెల్లగా తీగ మెలిక తిప్పి విప్పాడు. పుల్ల కొస పట్టుకుని అటూ ఇటూ కదిపి లాగాడు.

ఇన్నాళ్లూ పోయే దారి లేక లోపలే బిగుసుకున్న గాలిని గొట్టం పుస్సుమని ఒక్కసారి ఊదింది. పుల్లతో పాటు గుక్కెడు నల్లటి నూనె చిమ్మి తాత తెల్లలుంగీ మీద పడింది. గురువారానికని ఉతికించి కట్టుకున్న లుంగీ. నడుము నుంచి మోకాలి దాకా నల్లటి మరక.

ఇమాంవలి నెత్తికి చుట్టుకున్న తువ్వాలు లాగి, కాళ్ల దగ్గర కూలబడి తుడవడం మొదలుపెట్టాడు.

"తప్పయిపాయ తాతా. నేనే చేసినా. నాదే తప్పు. కాలిందా తాతా? నేను ఉతికి పెడతా, లేకుంటే కొత్తది తెస్తా. తప్పయిపాయ."

తాత అతని చేతిని పట్టుకుని ఆపాడు. చాలాసేపు అతని ముఖంలోకి చూశాడు. చూసి చూసి, చల్లగా అన్నాడు.

"ఈ మాట నీ దగ్గర ఉండాదే."

ఇమాంవలి చేతిలో తువ్వాలు అట్లాగే ఉండిపోయింది. గాలి ఆగి, జెండా కొయ్యకు చుట్టుకుని నిలబడింది. అతనికి ఆకుపచ్చ చీర కనబడింది, వెనక నుంచి వచ్చిన ఒక గొంతు వినబడింది, ఆ గొంతు ఎంతసేపు ఎదురుచూసి ఊరుకుందో కూడా ఇప్పుడు వినబడింది. కళ్లలో నీళ్లు ఎప్పుడు నిండాయో తెలియలేదు. తుడుచుకుంటే ముఖానికి నూనె అంటుకుంది.

తాత గదిలోకి పోయి నల్లదారం తెచ్చాడు. ఆ తంగేడు పుల్లను దారంతో చుట్టి, ఇమాంవలి కుడి మణికట్టుకు కట్టి ముడివేశాడు.

"తాయెత్తు అడిగినావు గదా."

"బండికి అడిగినా తాతా."

"బండికి అక్కర్లేదు."

ఇమాంవలి మణికట్టు తిప్పి చూసుకున్నాడు. "ఏదన్నా చదివి ఊదుతావు గదా, ఊదలేదే?"

"ఊదాల్సిందంతా నా లుంగీ మీద ఊదేసింది," అన్నాడు తాత. "పో. పొద్దు గూకుతాంది. ఇంజన్లో నూనె పోసి పెట్టుకో."

తెల్లారి ఇమాంవలి బయలుదేరాడు. ఒక్క కిక్కుకే బండి లేచింది. శనగ చేలు మంచులో తడిసి ఉన్నాయి. బండి నిదానంగా, గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటూ పోతోంది. ఎడమ పాదానికి వెచ్చటి గాలి తగులుతోంది. అప్పుడప్పుడు ఒక నూనె చుక్క ఎగిరి ప్యాంటు మీద పడుతోంది. బిగించిన చోట్లన్నీ పొడిగా ఉన్నాయి. దారి పొడుగునా అతను మాటలు వెతుక్కుంటూ పోయాడు. ఒక మాట దొరికితే ఇంకోటి జారిపోయేది. వాగు దగ్గర ఆగి నీళ్లు తాగాడు. అసలు ఏ మాట ముందు చెప్పాలో అక్కడ కూడా తేలలేదు.

ఆ ఊరి మలుపు తిరగకముందే ఇంట్లో అందరికీ తెలిసిపోయింది, ఎవరొస్తున్నారో. మామ వాకిట్లో నిలబడ్డాడు. అత్త కొంగు సర్దుకుంది. కాశీంబీ చేటలో బియ్యం చెరుగుతూ గడప మీదే ఉంది. తల ఎత్తలేదు.

బండి ఆగింది. ఆగిన చోట నేల మీద ఒక చుక్క పడింది.

"ఇంకా కారుతాందా?" అంది కాశీంబీ, బియ్యం చూసుకుంటూ.

"కారుతాంది."

"మరి బిగించినావు గదా."

"ఇప్పేసినా."

ఆమె తల ఎత్తింది. అతని ముఖం చూసింది, చేతికి కట్టిన పుల్ల చూసింది. ఇదేంది అని అడగలేదు. మొదటిసారి ఆమె ఏమీ అడగకుండా ఊరుకుంది.

ఇమాంవలి గడప కింద నేల మీదే కూర్చున్నాడు. దారిలో ఏరుకున్న మాటలు ఒక్కటీ లేవు.

"ఆ పొద్దు నీ చీర..." అన్నాడు. "నాదే తప్పు. ఆ మాట అప్పుడే అనాల. నోరు రాలేదు."

ఆమె చేతిలో చేట ఆగింది.

"నాయనను మట్టిలో పెట్టిన రోజు కూడా అంతే. రాలేదు. అందరూ గట్టి గుండె అన్నారు. గట్టిదేం కాదు కాశీంబీ." బండి వైపు చూశాడు. "నాయన ఎట్లుండేవాడని అడిగినావు గదా. దూది దుమ్ము మీసాల మీద పడి, సాయంత్రానికి ముసలోడయ్యేవాడు. అమ్మ కొంగుతో తుడిస్తే మళ్లీ వయసొచ్చేది. నిన్ను చూసొచ్చిన రోజు కూడా అట్లనే తెల్లటి మీసాలతోనే వచ్చినాడు. బండి ఆపకముందే వాకిట్లో నుంచి అరిచినాడు..."

"ఏమని?" అంది ఆమె. చేట పక్కన పెట్టి గడప మీద కాస్త పక్కకు జరిగింది.

అతను లేచి ఆ జాగాలో కూర్చున్నాడు. అత్త చాయ్ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి వెళ్లింది. చాయ్ మీద మీగడ కట్టింది, ఎవరూ తాగలేదు. ఎండ వాకిలి దాటి గోడ ఎక్కింది. మసీదులో బాంగు వినిపిస్తే మామ, ఇమాంవలి వెళ్లి నమాజు చేసుకుని వచ్చారు, వస్తూనే ఇమాంవలి మళ్లీ అదే గడప మీద అదే మాట దగ్గర అందుకున్నాడు. ఆమె మధ్యలో నవ్వుతోంది, మధ్యలో కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది, ఆగితే ఊఁ అంటోంది.

అప్పుడు పెద్దమనుషులు వచ్చారు. చేతికర్రలు గోడకు ఆనించి, గొంతులు సవరించుకుని, వాకిట్లో వేసిన మంచం మీద కూర్చోబోయారు. అందులో వయసు మళ్లిన ఆయన అడిగాడు.

"ఏమప్పా, యాడ మొదలుపెట్టేది పంచాయితీ?"

మామ వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"కాసేపు ఉండండి," అన్నాడు మెల్లగా. "అల్లుడు ఇప్పుడే మొదలుపెట్టినాడు."